మోర్టార్‌కు కమాండరే సేఫ్టీ

సంపాదకులకు,

ఫైరింగ్ రేంజ్‌లో మోర్టార్ (గొట్టంలోంచి బాంబును ఎత్తుగా విసిరే ఆయుధం) ప్రమాదం జరిగితే మన పత్రికల్లో ‘షెల్ పేలి జవాన్ల మృతి’ అన్న ఒక్క ముక్కతో వార్త అయిపోతుంది. బాంబు గొట్టంలోనే పేలిందా, లక్ష్యానికి ముందే పడిందా అన్నది ఉండదు. రెండింటి కారణాలూ వేరు. ఆపగలిగేది మాత్రం ఒక్కరే: పక్కన నిలబడి కమాండ్ ఇచ్చే నాయకుడు.

2013 మార్చి 18 రాత్రి అమెరికాలోని నెవాడాలో, హాథోర్న్ డిపోలో 60 ఎంఎం మోర్టార్ పేలి ఏడుగురు మెరైన్లు చనిపోయారు. లోపం ఆయుధంలో లేదని, గొట్టంలో ఒక బాంబు ఉండగానే రెండోది వేశారని, ముందుగా చేయించాల్సిన సాధన సరిగా చేయించలేదని విచారణలో తేలింది. బెటాలియన్ కమాండర్, కంపెనీ కమాండర్, బెటాలియన్ ఆయుధాల అధికారి ముగ్గురినీ బాధ్యతల నుంచి తప్పించారు.

రెండో బాంబు ఎలా పడుతుందంటారా? మూతి దగ్గర వదిలిన బాంబు జారి, అడుగున ఫైరింగ్ పిన్‌కు తగిలి పైకి లేస్తుంది. పక్కన మరో మూడు గొట్టాలు మోగుతుంటే తన బాంబు వెళ్లిందో లేదో చెవికి అందదు. చీకట్లో కంటికీ ఆనదు. చేయి మాత్రం లయలో పడి తర్వాతి బాంబు అందుకుంటుంది. రష్యా మోర్టార్ల మూతికి రెండో బాంబును అడ్డుకునే పరికరం ఉంటుంది. అది లేనిచోట, వెళ్లిందని చూశాకే తర్వాతిది అన్న కట్టుబాటొక్కటే దిక్కు. మిస్‌ఫైర్ అయితే, అంటే వేసిన బాంబు ఎగరకుండా గొట్టంలోనే ఉండిపోతే, గట్టిగా అరవాలి, మూతికి ఎదురుగా ఎవరూ ఉండకూడదు. గొట్టం చల్లారాక దాన్ని వంచి బాంబును వెనక్కి జార్చాలి. పట్టుకునేవాడి వేళ్లు అప్పుడు కూడా మూతి మీదికి రాకూడదు.

ఇక అంకెలు. మోర్టార్ దిశను మిల్స్ అనే కోణపు కొలతలో కొలుస్తారు, పూర్తి చుట్టు 6400. కిలోమీటరు దూరంలో ఒక మిల్ తేడా దాదాపు ఒక మీటరు. వైర్‌లెస్‌లో 2340ని 2430గా వింటే మూడు కిలోమీటర్ల దగ్గర బాంబు సుమారు 265 మీటర్లు పక్కన పడుతుంది. అక్కడ మనవాళ్లే ఉండొచ్చు. అందుకే లెక్క ఇద్దరు విడివిడిగా వేసి సరిచూసుకోవాలి, గొట్టం దగ్గరివాడు విన్నది తిరిగి చెప్పాలి. తోకకు తగిలించే చార్జీల్లో (బాంబును ముందుకు తోసే మందు పొట్లాలు) ఒకటి తగ్గినా బాంబు బాగా ముందే పడుతుంది. మూతి దగ్గరికి చేర్చకముందే వాటిని చేత్తో తడిమి లెక్కపెట్టించాలి. విప్పేసిన చార్జీలు బాంబుల పక్కనే కుప్పగా పడి ఉన్నాయంటే నాయకుడు ఏమరిచాడనే అర్థం. ఇంకో తిరకాసు: 45 డిగ్రీలు దాటాక గొట్టం పైకెత్తితే బాంబు ఇంకా దగ్గర పడుతుంది. రైఫిల్ అలవాటు ఇక్కడ పనికిరాదు.

నేల సంగతి ఎవరూ పట్టించుకోరు. తడిసిన నల్లరేగడిలో బేస్‌ప్లేట్ (గొట్టం అడుగున ఆనే లోహపు పలక) మొదటి రెండు మూడు బాంబులకే దిగబడుతుంది, గురి చూసే సైట్‌లో మట్టం చూపే బుడగ పక్కకి జరుగుతుంది. ప్లేట్ కుదుటపడకుండానే ఆ బాంబులను చూసి దిద్దుబాట్లు ఇస్తే తప్పు మీద తప్పు పేరుకుంటుంది. పైన చెట్టుకొమ్మ ఉందేమో చూసుకోవడం కూడా నాయకుడి పనే.

అమెరికాలో ఫోర్ట్ బెన్నింగ్‌లో ఇన్‌ఫాంట్రీ మోర్టార్ లీడర్లకు ప్రత్యేక కోర్సే ఉంది. చేతి కంప్యూటర్‌తో పాటు ప్లాటింగ్ బోర్డు (దిశ, దూరం చేత్తో గీసి లెక్కించే పలక) మీద కూడా లెక్క వేయిస్తారు, బ్యాటరీ అయిపోయినా పని ఆగకూడదని. ఎక్కడైనా కోర్సు చేయని అధికారికి మోర్టార్ ప్లాటూన్ అప్పగించకూడదని నా అభిప్రాయం. చేసినవారికీ, అసలు బాంబు ముట్టుకునే ముందు, రాత్రి పూట డమ్మీలతో పరీక్ష పెట్టాలి. వరుస ఫైరింగ్ మధ్యలో ఇన్‌స్ట్రక్టర్ చెప్పకుండా ఒక మిస్‌ఫైర్ సృష్టించాలి. బాంబు వేసే లోడర్ చేయి రెండో డమ్మీతో మూతి దాకా వచ్చిందంటే ఆ జట్టుకు ఆ రాత్రి అసలు బాంబులు ఇవ్వకూడదు.

– ఒక విశ్రాంత సైనికుడు, సికింద్రాబాద్