గండిపేటను కాపాడాలంటే వాగుల నుంచే మొదలుపెట్టాలి

సంపాదకులకు నమస్కారం.

మా పొలం వెనక ఒక వాగు ఉంది. శంకర్‌పల్లి దిగువన మూసీలో కలుస్తుంది. అక్కడి నుంచి ఆ నీళ్లు హైదరాబాద్‌కు తాగునీరిచ్చే గండిపేట (ఉస్మాన్‌సాగర్) జలాశయానికి పోతాయి. నా చిన్నప్పుడు దసరా దాటినా పారేది, బర్రెలను అందులోనే కడిగేవాళ్లం. నాలుగేళ్ల కిందట ఎగువన ఒక ఫామ్‌హౌస్ వాళ్లు వాగుకు అడ్డంగా ప్రహరీ కట్టి, నీళ్లు పోవడానికి రెండు సిమెంటు తూములు పెట్టారు. నిరుడు తొలకరికి ఆ తూముల్లోంచి నల్లటి నీళ్లు నురగ కక్కుతూ వచ్చాయి. వాన వెలిశాక చూస్తే మా కంచె నిండా ప్లాస్టిక్ కవర్లు, పిల్లల డైపర్లు. పైన ఉన్న వెంచర్‌లో డ్రైనేజీ లేదు. సెప్టిక్ ట్యాంకుల మురుగును ట్యాంకర్లు రాత్రిపూట తెచ్చి వాగులోనే వదులుతున్నాయి. ఆఫీసులో దరఖాస్తు ఇస్తే, 'అది చెరువు ఎఫ్‌టీఎల్‌లోకి (చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దులోకి) రాదు కదా' అన్నారు.

అసలు తప్పు ఆ మాటలోనే ఉంది. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన గండిపేట, హిమాయత్‌సాగర్‌ల కోసం 1996లో 111 జీవో తెచ్చారు. చుట్టూ 10 కిలోమీటర్లు, 84 గ్రామాల్లో పరిశ్రమలకు, పెద్ద కాలనీలకు అడ్డుకట్ట వేశారు. మంచి పనే. అయితే నీళ్లు గీత గీసుకుని పారవు. మూసీ పుట్టేది వికారాబాద్ అనంతగిరి గుట్టల్లో. అక్కడ కలిసిన మురుగైనా చివరికి గండిపేటకే చేరుతుంది.

2022లో 69 జీవోతో ఆ ఆంక్షలు ఎత్తేస్తున్నామన్నారు. నగరం తాగే నీటిలో ఈ రెండు జలాశయాల వాటా బాగా తగ్గిపోయిందన్నది కారణం. వాటా తగ్గింది నిజమే. కానీ కృష్ణా నీళ్లను వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి మోటార్లతో ఎత్తిపోసి తెచ్చుకుంటున్నాం. గండిపేట నీళ్లు మోటారు లేకుండా, పల్లానికి పారి ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్స్‌కు చేరతాయి. ఇంటి పక్కనున్న ఇలాంటి నీటిని చేజేతులా పాడుచేసుకుంటామా? ఈ జలాశయాల దగ్గర ఒక పరిశ్రమ పెట్టే కేసులో, హాని జరగదని నిరూపించే భారం దాన్ని పెట్టేవాళ్లదేనని సుప్రీంకోర్టు 1999లోనే చెప్పింది. లేఅవుట్లకూ ఇదే పద్ధతి ఉండాలి.

రైతుల బాధ నాకు తెలుసు, నేనూ రైతునే. పక్క మండలంలో భూమి కోట్లు పలుకుతుంటే, బిడ్డ పెళ్లికి అర ఎకరం అమ్మబోయి, ధర పలకక నోరు మూసుకుని వెనక్కి వచ్చాను. ఇన్నేళ్లుగా నగరం నీటి కోసం మేం నష్టపోతూనే ఉన్నాం, మాకు పైసా రాలేదు. జీవో ఎత్తేస్తారంటే మావాళ్లు సంబరపడింది అందుకే. నల్లా బిల్లుల్లోంచి కొంత తీసి, వాగు ఒడ్డున భూమిని గడ్డికీ చెట్లకూ వదిలే రైతుకు ఏటా ఎకరానికి ఇంత అని ఇవ్వాలి. అలా ఇస్తే వాగును మేమే కాపలా కాస్తాం. ఒడ్డున దట్టంగా గడ్డి ఉంటే మట్టి, యూరియా నేరుగా నీళ్లలోకి దిగవు.

అధికారులను అడిగేది ఇదీ. పరీవాహక ప్రాంతం మొత్తానికి, వికారాబాద్ దాకా, వాగు వాగునూ సర్వే చేసి రెండు ఒడ్డులా హద్దురాళ్లు పాతండి. మురుగు శుద్ధి ప్లాంటు కట్టి నడిపించేదాకా ఏ వెంచర్‌కూ అనుమతి ఇవ్వకండి. ప్రతి వాగూ మూసీలోనో, హిమాయత్‌సాగర్‌ను నింపే ఈసీ నదిలోనో కలిసేచోట నెలనెలా నీళ్లు పరీక్షించి, ఫలితాన్ని పంచాయతీ గోడ మీద అతికించండి. వచ్చే తొలకరిలోపు కనీసం మా వాగుకు అడ్డంగా ఉన్న ఆ ప్రహరీని తీయించండి.

— ఒక రైతు, శంకర్‌పల్లి మండలం, రంగారెడ్డి జిల్లా