మన పరదా మీది కోట

హేస్టింగ్స్, ఇంగ్లండ్,
జనవరి 11

నాన్నా,

రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ మళ్లీ ఈ ఉత్తరమేంటి అనుకోకు. ఈ కవర్లో ఒక ఫిల్ము రోలు ఉంది, కడగనిది. ఒట్టి రోలు పంపితే బాగుండదని నాలుగు ముక్కలు రాద్దామని కూర్చున్నా.

మన స్టూడియోలో గోడకి వేలాడే పరదా గుర్తుందిగా? చెరువు మధ్యలో గుండ్రటి బురుజుల కోట, పక్కన రెండు హంసలు. హన్మకొండలో ఎంతమంది పెళ్లిచూపుల ఫొటోలు దాని ముందు దిగారో! ఈ కోట ఎక్కడుంది అని చిన్నప్పుడు అడిగితే, "పెయింటర్ తలకాయలో" అన్నావు. మొన్న సెలవు రోజున దాని ముందే నిలబడ్డాను నాన్నా. హంసలు కనిపించలేదు, బాతులున్నాయి. మిగతాదంతా అచ్చం అదే.

పేరు బోడియం. నవ్వకు. పైకప్పు ఊడిపోయి ఆరుబయట నిలబడ్డ కోటకి బోడి అని మనవాళ్లెవరో పేరు పెట్టి వెళ్లారేమో అనుకుని నేనూ నవ్వుకున్నా. మా వార్డులో పనిచేసే కేరళ అమ్మాయికి కారుంది. ఇంకా చీకటి ఉండగానే బయల్దేరాం. మేం చేరేసరికి మైనస్ నాలుగు. గడ్డి పోచపోచకీ మంచు నూగు పట్టి, ఎవరో రాత్రంతా కూర్చుని ముగ్గుపిండి జల్లినట్టుంది. అగడ్త అంచుల్లో నీళ్లు పలచగా గడ్డకట్టాయి. మధ్యలో మాత్రం కదలకుండా అద్దంలా ఉన్నాయి. వాటి మీద పొగమంచు మోకాలెత్తున లేస్తోంది.

ముందు డిజిటల్ కెమెరా తీశా. ఫొటో చూసుకుంటే మంచు తెల్లగా లేదు, గిన్నెలు కడిగిన నీళ్ల రంగులో ఉంది. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. పొద్దుటి ముహూర్తాలకి పందిట్లో వధూవరులు మధుపర్కాలు కట్టుకుని రాగానే, "వెలుతురు కొలిచే మీటరుకి తెలుపంటే కిట్టదు, ఏది చూపించినా బూడిద చేస్తుంది, ఒకటిన్నర స్టాపు తెరువు, స్టాపుకి వెలుతురు రెట్టింపు" అనేవాడివి. లైటు స్టాండు పట్టుకుని నిలబడ్డ నాకు అదంతా చాదస్తంలా ఉండేది. ఇక్కడ ఒకటిన్నర కాదు, ఒకటీ పావు తెరిస్తే చాలింది. అంతకుమించితే ఫొటోలో ఎండ పడ్డ చోట మంచు కాలిపోయి ఒట్టి తెల్లమచ్చ అయిపోతోంది. ఈ ఒక్క విషయంలో నేను నీకంటే పావు స్టాపు ఎక్కువ నేర్చుకున్నా, రాసిపెట్టుకో.

ఇంకో తమాషా. కోట సింహద్వారం ఉత్తరం వైపు. వాస్తు చూసే మన మావయ్య అయితే చెయ్యెత్తి దండం పెట్టేవాడు. కానీ ఫొటోకి పనికిరాదు. ఇక్కడ ఈ నెలలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు మన దగ్గర పొద్దున ఎనిమిదింటికి ఉన్నంత ఎత్తే. దక్షిణం వైపే పాకుతూ వెళ్లి నాలుగుంబావుకి దిగిపోతాడు. అందుకని చలికాలమంతా ద్వారం ముఖాన ఎండ పడదు, నీలంగా నీడలోనే ఉంటుంది. ఇది తెలియక అక్కడే అరగంట కాచుక్కూర్చున్నాం. ఆ తర్వాత గట్టు వెంట చుట్టూ తిరిగి ఆగ్నేయం మూలకి వెళ్లాం. అంతా అక్కడుంది. మూల బురుజు మీద పసుపు రాసినట్టు ఎండ, దాని కింద తలకిందులుగా ఇంకో బురుజు.

సరిగ్గా అప్పుడే బ్యాటరీ పోయింది. పొద్దున ఫుల్ ఛార్జ్ ఉన్నదే. చలికి లోపలి రసాయనాలు మొద్దుబారతాయనీ, స్పేర్‌ది ఒంటికి ఆనించి లోపలి జేబులో పెట్టుకోవాలనీ నాకు తెలుసు. స్పేర్ ఛార్జర్లోనే, గదిలో ఉండిపోయింది. తిట్టకు.

సంచి అడుగున నీ నికాన్ ఎఫ్‌ఎం2 ఉంది. దాని బటన్ సెల్స్ కూడా అయిపోయాయి. మీటరు చూపించే ప్లస్సూ సున్నా మైనస్సూ ఏదీ వెలగలేదు. కానీ దాని షట్టరుకి కరెంటుతో పనిలేదుగా! లివర్ లాగితే కర్రుమంది, నొక్కితే టక్కుమంది. ఆ చప్పుడుకి బాతులు లేచాయి. మీటరు లేదు కాబట్టి ఫిల్ము డబ్బాల మీద ఉండే పట్టిక గుర్తుచేసుకున్నా, సూర్యుడి బొమ్మ, మబ్బు బొమ్మ. 400 స్పీడు ఫిల్ముకి మంచి ఎండలో షట్టరు సెకనులో 500వ వంతు, లెన్సు రంధ్రం ఎఫ్ 16. ఇక్కడి ఎండ మన ఎండకి చిన్నకోడలు లాంటిది, గట్టిగా మాట్లాడదు. అందుకని రెండు స్టాపులు తెరిచి ఎఫ్ 8 పెట్టా. గ్లవుజు తీసి ఫోకస్ తిప్పితే వేళ్లు నావి కాకుండా పోయాయి. మొత్తం పద్నాలుగు కొట్టా.

తర్వాత కారులో టీ తాగి, తలుపులు తెరిచాక లోపలికి వెళ్లాం. లోపల ఏమీ లేదు! బయట నాలుగు మూలలా బురుజులు చెక్కుచెదరలేదు, లోపల మాత్రం మొండిగోడలు, గాల్లో వేలాడే పొయ్యిగూళ్లు. 1640ల్లో వీళ్లలో వీళ్లకి జరిగిన యుద్ధం తర్వాత ఖాళీ చేసేశారట. ముందునుంచి చూస్తే మహల్, వెనక్కి వెళ్తే గోడ. మన పరదానే ఇది కూడా. 1385లో ఎడ్వర్డ్ డాలింగ్‌రిగ్ అనే సర్దారు, ఫ్రెంచివాళ్లు దండెత్తుతారని చెప్పి రెండో రిచర్డు రాజు దగ్గర అనుమతి తీసుకుని కట్టించాడు. నిజంగా యుద్ధం కోసమా, దర్పం కోసమా అని పండితులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. నన్నడిగితే దర్పమే. మన ఓరుగల్లులో మట్టికోట దాటి రాతికోటకి రావడానికే శత్రువుకి నీరసం వస్తుంది. ఇక్కడ అగడ్త చుట్టూ పావుగంటలో తిరిగొచ్చేశాం. అన్నట్టు, నేను అంత మురిసిపోయి ఫొటో తీసిన ఆ నీళ్లలోకే అప్పట్లో 28 మరుగుదొడ్లు దిగేవట. అమ్మకి చెప్పకు, ఫొటో గోడకి పెట్టనివ్వదు.

ఇంకొకటి చదివి ఆగిపోయా. 1917లో ఈ కోటని కొన్నది లార్డ్ కర్జన్. బెంగాల్‌ని రెండు ముక్కలు చేసిన కర్జనే. అగడ్త నీళ్లు తోడించి, గోడలు బాగుచేయించి, 1925లో పోతూ, పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థకి రాసిపోయాడు. అంతకుముందు మన దేశంలో పాత కట్టడాల రక్షణకి 1904 చట్టం తెచ్చిందీ ఆయనే. నిజాం రాజ్యంలో ఉన్న మనకి అది వర్తించలేదులే, మన ఓరుగల్లు సంగతి 1914 నుంచి యజ్దానీ గారు నడిపిన నిజాం పురావస్తు శాఖ చూసుకుంది. మనుషుల్ని విడగొట్టినవాడు రాళ్లు మాత్రం పడిపోకుండా చూశాడు. ఆయన్ని మెచ్చుకోవాలో తిట్టుకోవాలో తేలక కాసేపు అక్కడే నిలబడ్డాను.

తిరిగొచ్చేటప్పుడు కెమెరాని పాలిథిన్ కవర్లో చుట్టి, మూతి కట్టి అలాగే ఇంట్లోకి తెచ్చా. వెచ్చటి గదిలో ఆ చెమ్మంతా కవరుకే పట్టింది, లెన్సు పొడిగా ఉంది. చెమ్మ పట్టకుండా బియ్యం డ్రమ్ములో కెమెరా దాచే నీకు నేను చెప్పాలా!

ఇక్కడ కడిగేవాళ్లు ఉన్నారు, కానీ ఈ రోలు నువ్వే కడగాలి. డెవలపింగ్ ట్యాంకు ఇంకా అటక మీదే ఉందని అమ్మ చెప్పింది. మందులు దొరక్కపోతే హైదరాబాద్ నుంచి తెప్పించు, డబ్బులు పంపిస్తా. మొదటి ఇరవై ఫ్రేములు నా గది, హీటరు మీద ఆరేసిన బట్టలు, మాడిన ఉప్మా. అవి అమ్మకి చూపించకు. ఇరవై ఒకటి నుంచి కోట. ఇరవై ఆరోది జాగ్రత్తగా చూడు, అందులో బాతులు లేస్తున్నాయి. ఎక్స్‌పోజర్ తప్పితే ఫోన్లో కాదు, ఉత్తరం రాసి తిట్టు.

నీ
చిన్ని