పిల్లలమ్మకు రంగు వేయనివ్వకండి: గజపతి జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారం.

మాది పర్లాకిమిడి దగ్గర చిన్న తెలుగు ఊరు. చెరువు గట్టున వేపచెట్టు కింద ఒక పాత రాతి విగ్రహం ఉంది. ఒళ్లో పసిబిడ్డ, కాళ్ల దగ్గర మరో ఇద్దరు. మేం పిల్లలమ్మ అంటాం. పిల్లలు లేనివాళ్లు కొమ్మకు గుడ్డ ఉయ్యాల కడతారు. మా అమ్మా కట్టిందట, తర్వాతే నేను పుట్టాను.

ఒడిశాలోని బౌద్ధ క్షేత్రం లలితగిరిలో, పిల్లలను కాపాడే బౌద్ధ దేవత హారీతి విగ్రహాన్ని చూసొచ్చాక నాకు టెన్షన్ పట్టుకుంది. పోలిక అలా ఉంది మరి! హారీతి మొదట రాజగృహంలో పసివాళ్లను తినే యక్షిణి. బుద్ధుడు ఆమె చిన్న కొడుకును భిక్షాపాత్ర కింద దాచాడు. అయిదు వందల మంది పిల్లలున్నా ఆ ఒక్కడి కోసం ఆమె ఏడ్చింది, పిల్లలను కాపాడే తల్లిగా మారింది. 7వ శతాబ్దంలో వచ్చిన చైనా భిక్షువు ఇత్సింగ్, విహారాల భోజనశాలల్లో ఆమెకు రోజూ అన్నం పెట్టేవారని రాశాడు. నాగార్జునకొండలోనూ ఆమెకు గుడి ఉండేది.

మా పిల్లలమ్మ హారీతి అవునో కాదో తెలిసినవాళ్లు చెప్పాలి. ఈలోపు కుర్రాళ్లు భక్తితోనే ఆయిల్ పెయింట్ డబ్బాలు తెచ్చారు. ముఖానికి ఇప్పటికే ఒక పూత పడింది. దయచేసి పురావస్తు శాఖవాళ్లను ఒకసారి పంపండి. విగ్రహాన్ని మ్యూజియానికి తరలించమని మాత్రం అడగడం లేదు, ఊళ్లో ఆడవాళ్లు నన్ను బతకనివ్వరు.

ఇట్లు,
ఆ ఊరివాడొకడు