ఆ ప్రశ్న అడిగేశానే

ఏమే,

నీ రెండు ఉత్తరాలకీ జవాబు రాయలేదు, క్షమించు. అమ్మకి నయమైంది, మేం ఇల్లు మారాం, మిగతావి ఫోన్లో చెప్తా. ఈ ఒక్క సంగతీ నీకు చెప్పందే నిద్ర పట్టేలా లేదు.

మా కంపెనీ డబ్బాల మీద 'ఆడవాళ్లకు ఆడవాళ్లమే తోడు' అని ఉంటుంది కదా, ఆ మాట రాసింది నేనే. ఆ లేబుళ్లు అంటించే ప్యాకింగ్ అమ్మాయికి ఇప్పుడు ఐదో నెల. నిలబడలేకపోతున్నా, స్టూల్ ఇవ్వండి అని అడిగింది. నెలాఖరుకి కాంట్రాక్టు అయిపోయిందన్నారు, మళ్లీ ఇవ్వలేదు. నాకీ సంగతి వారం తర్వాత తెలిసింది.

మహిళా దినోత్సవం మీటింగులో మేడం తెర మీద న్యూయార్క్‌లోని 'ఫియర్‌లెస్ గర్ల్' విగ్రహం చూపించారు. మొదట్లో ఎద్దు విగ్రహానికి ఎదురుగా పెట్టారు, నడుం మీద చేతులేసుకుని నిలబడ్డ పిల్ల. "మనం ఈ పిల్లలా ఉండాలి" అన్నారు. లేచి నిలబడ్డానే! చేతులు చల్లబడిపోయాయి.

"మేడం, 2017 మార్చిలో ఆ విగ్రహం పెట్టించింది స్టేట్ స్ట్రీట్ అనే ఆర్థిక సంస్థ. పై హోదాల్లో ఉన్న ఆడవాళ్లకీ నల్లజాతి ఉద్యోగులకీ తక్కువ జీతాలిచ్చారన్న అభియోగం మీద అదే ఏడాది అమెరికా కార్మిక శాఖతో రాజీపడి 50 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. తప్పు చేశామని మాత్రం ఒప్పుకోలేదు. మనం ఆ పిల్లలా నిలబడాలంటే ముందు మన ప్యాకింగ్ అమ్మాయిని వెనక్కి పిలవండి" అన్నాను.

ఎవరూ మాట్లాడలేదు. "అది కాంట్రాక్టరు చూసుకునే విషయం" అన్నారు మేడం.

తర్వాత గదిలోకి పిలిచి, "ఒక ఆడది కష్టపడి పెట్టిన కంపెనీ ఇది. నువ్వే ఇలా అంటే మనల్ని చూసి నవ్వేవాళ్లకి లోకువైపోమా?" అన్నారు. అక్కడ తడబడ్డానే. ఆ మాటలో నిజం లేకపోలేదు, మగవాళ్ల కంపెనీలని ఇంత గట్టిగా ఎవరు నిలదీస్తున్నారు? కానీ తోడుంటామని చెప్పి సరుకు అమ్ముకున్నది మేం. ఆ మాట నమ్మి కొన్నవాళ్లున్నారు, నమ్మి పనిలో చేరినవాళ్లూ ఉన్నారు.

ఆడవాళ్లు కలుసుకుని కూర్చుని పని చేసుకునే క్లబ్బు అని 2016లో న్యూయార్క్‌లో మొదలైన 'ద వింగ్' గుర్తుందా? 2020 జూన్‌లో పని ఆపి నిలదీసింది అక్కడి ఉద్యోగులే. అదే నెలలో సీఈఓ రాజీనామా చేసింది. నాకైతే ఎవరి రాజీనామా వద్దు. ప్యాకింగ్ వాళ్ల పేర్లు మా జీతాల పట్టీలోకి రావాలి. ప్రసూతి సెలవు వాళ్లకీ కాగితం మీద ఉండాలి. కూర్చోడానికి స్టూళ్లుండాలి. ఇంతే రాశాం, పదకొండు మందిమి సంతకాలు చేశాం. అకౌంట్స్‌లో ఆవిడ కూడా చేసింది, నువ్వు నమ్మవు!

నిన్న ఆ అమ్మాయి ఫోన్ చేసి, "అక్కా, నా వల్ల మీ ఉద్యోగం పోదు కదా?" అంది. అప్పటిదాకా ఏడవలేదే నేను.

రేపు పదింటికి మళ్లీ రమ్మన్నారు. ఒంటరిగా వెళ్లాలా, అందరం వెళ్లాలా అన్నది... నాకైతే అందరం వెళ్తేనే... అదిగో, సంతకాల కాగితం కోసం వాళ్లొచ్చేశారు. ఉంటానే.