చంద్రుడి దూరం కూడా పంచాంగం పక్కన వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

చంద్రుడు భూమికి దూరమైపోతున్నాడు అని మొన్న మీ పేపర్లో పెద్ద హెడ్డింగ్ వచ్చింది, అది చూసి మా ట్యూషన్ పిల్లోళ్ళు సార్ ఇంక పున్నమి ఉండదా అని అడిగితే నవ్వాలో ఏడవాలో అర్థం కాలా. వార్త అబద్ధమేం కాదు, ఏడాదికి 3.8 సెంటీమీటర్లు జరుగుతున్న మాట నిజమే. 1969లో అపోలో 11 వాళ్ళు అక్కడ పెట్టొచ్చిన రిఫ్లెక్టర్ మీదకి లేజర్ కొట్టి, అది తిరిగి రావడానికి పట్టే రెండున్నర సెకన్లని జాగ్రత్తగా కొలిచి తేల్చిన లెక్క అది. కానీ వందేళ్ళకి నాలుగు మీటర్లు కూడా లేని దానికి అంత హడావిడి చేసి, నెలనెలా అదే చంద్రుడు సుమారు 3,63,000 కిలోమీటర్ల దగ్గరికొచ్చి మళ్ళీ 4,05,000 దాకా పోతాడే, దాని గురించి ఒక్క ముక్క రాయరు.

ఏకాదశి ఈరోజా రేపా అని ఇళ్ళల్లో తగువు పడేదానికి అదీ ఒక కారణమే కదండీ. సూర్యుడి కన్నా చంద్రుడు 12 డిగ్రీలు ముందుకి పోతే ఒక తిథి. దగ్గరగా ఉన్నప్పుడు స్పీడ్‌గా పోతాడు, దూరంగా ఉంటే నిదానిస్తాడు, అందుకే ఒక తిథి సుమారు 20 గంటల్లో అయిపోతే ఇంకొకటి 26 గంటలు సాగుతుంది. కెప్లర్ 1609లో గ్రహాలకి చెప్పిన రూల్ ఇదే, మన సిద్ధాంతులేమో మందోచ్చం (చంద్రుడు బాగా దూరంగా, నిదానంగా ఉండే చోటు) అని దీన్ని ఎప్పట్నుంచో లెక్కలో కలుపుతా ఉన్నారు.

ఇంక శ్రీకాళహస్తి మన పక్కనే ఉంది, రాహుకేతు పూజకి ఎక్కడెక్కడి నుంచో వస్తా ఉంటారు (నమ్మకం జోలికి నేను పోను). చంద్రుడి దారి సూర్యుడి దారికి 5 డిగ్రీలు వంగి ఉంటుంది, ఆ రెండు దారులు కలిసే చోట్లే రాహువు, కేతువు. సూర్యుడి లాగుడికి అవి వెనక్కి జరుగుతా 18.6 ఏళ్ళకి ఒక చుట్టు తిరుగుతాయి, రాశికి ఏడాదిన్నర అని అందరికీ తెలిసిన లెక్క అక్కడిదే. 2024, 25లో చలికాలం పున్నమికి చంద్రుడు మన నెత్తి మీద నుంచి బాగా ఉత్తరానికి ఒరిగి పోయింది కూడా దీనివల్లే, 2034 నాటికి ఆ ఒరుగుడు తగ్గిపోతుంది.

ఇంక మొదట్లో చెప్పిన ఆ 3.8 సెంటీమీటర్లు దూరం పోవడానికి కారణం సముద్రం పోట్లు. భూమి రోజుకో చుట్టు తిరుగుతుంది, చంద్రుడికి 27 రోజుల పైన పడుతుంది, దాంతో ఉబ్బిన నీళ్ళని భూమి చంద్రుడి కంటే కొంచెం ముందుకి లాక్కుపోతుంది, ఆ ఉబ్బు చంద్రుణ్ణి ముందుకి లాగుతుంది. ముందుకి లాగితే స్పీడ్ పెరగాలి కదా, పెరగదు, కక్ష్య పెద్దదై చంద్రుడు ఇంకా నిదానిస్తాడు! పిల్లలు ఇక్కడే తికమక పడతారు. అప్పుడు నేను 2023 జులై 14న శ్రీహరికోట నుంచి పోయిన చంద్రయాన్-3 గురించి చెప్తా, భూమికి దగ్గరగా వచ్చినప్పుడల్లా ఇంజన్ మండించి ముందుకి తోసుకుని, కక్ష్య అవతలి కొసని ఇంకా పైపైకి పెంచుకుంటా పోయింది కదా అని, అప్పటికి కొంచెం దారికొస్తారు.

అయ్యా, నేను అడిగేది చిన్నదే. రోజూ తిథి, నక్షత్రం, వర్జ్యం వేస్తున్నారు, దాని కిందే ఈరోజు చంద్రుడి దూరం ఇన్ని కిలోమీటర్లు అని ఒక్క లైన్ వేయండి, నెల రోజులు పిల్లలు గ్రాఫ్ గీసుకుంటే చాలు. చోటు లేదంటారేమో, రాశిఫలాల్లో ఒక లైన్ కోసేయండి, ఎవరూ కంప్లైంట్ చేయరు.

ఇట్లు,
ఒక ఫిజిక్స్ ట్యూషన్ మాస్టారు, తిరుపతి