అరువు ఓడలో 36 వారాలు: సభ్యులకు ఈ ఏటి వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. ఈ నివేదిక గత నెలలోనే మీ చేతికి రావాల్సింది. ఆలస్యానికి కార్యదర్శిగా బాధ్యత నాదే, కాకపోతే అందులో సగం మీది కూడా, ఎందుకంటే ఆఖరి ఎపిసోడ్ చూసేసి వారాలు గడిచినా మీ వాదన ఆగలేదు, వాదన తేలకుండా నేనేమని రాయను?

ఈ ఏడాది మనం చేసిన పని ఒక్కటే. 'ది ఓర్విల్' సిరీస్‌ని మొదటి నుంచి చివరిదాకా చూశాం. మూడు సీజన్లు, వరసగా 12, 14, 10, మొత్తం 36 ఎపిసోడ్లు. వారానికి ఒకటి ఎవరింట్లో వాళ్ళం చూసి, ఆదివారం అందరం కాల్‌లో కూర్చుని మాట్లాడుకున్నాం. నిరుడు సర్వసభ్య సమావేశంలో ఈ పేరు ప్రతిపాదించినప్పుడు "స్టార్ ట్రెక్‌కి జిరాక్స్ కాపీ, దానికి ఏడాదంతా ఎందుకండీ" అని అడ్డుపడ్డవాళ్ళలో నేనూ ఉన్నాను. మినిట్స్‌లో ఉంది కాబట్టి దాచి లాభం లేదు.

కొత్తగా చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఓర్విల్ అనే అంతరిక్ష ఓడ, అందులోని సిబ్బంది కథ ఇది. స్టార్ ట్రెక్ కూడా అలాంటి ఓడ కథే, 1966లో మొదలై రకరకాల సిరీస్‌లుగా వచ్చింది. 2017 సెప్టెంబర్ 10న ఫాక్స్ చానెల్‌లో ఇది మొదలైంది. సృష్టికర్త, ప్రధాన రచయిత, హీరో అన్నీ సెత్ మెక్‌ఫార్లేన్, 'ఫ్యామిలీ గై' కార్టూన్ తీసిన మనిషి. ప్రోమోల్లో జోకులే చూపించారు కాబట్టి అందరూ పేరడీ అనుకుని కూర్చున్నారు, వచ్చిందేమో సగం పేరడీ, సగం సీరియస్ కథ. విమర్శకులు మొదటి సీజన్‌ని చీల్చి చెండాడారు, మామూలు ప్రేక్షకులు మాత్రం పట్టుకుని వదల్లేదు. సరిగ్గా రెండు వారాలకి, సెప్టెంబర్ 24న, అసలు స్టార్ ట్రెక్ వాళ్ళ 'డిస్కవరీ' మొదలైంది, ఇక పోలికలు ఎలా ఆగుతాయి? అసలు వాళ్ళది చీకటిగా, గంభీరంగా ఉంటే, అరువు తెచ్చుకున్న వాళ్ళది పాత స్టార్ ట్రెక్‌లా వెలుగుగా, తీరిగ్గా ఉంది. ఈ తమాషా గురించే మనం రెండు ఆదివారాలు మాట్లాడాం.

కాపీ సంగతికొద్దాం. కాపీ కాదని ఎవరూ అనలేదు, అనలేరు కూడా. అక్కడ గ్రహాల కూటమి పేరు ఫెడరేషన్, ఇక్కడ ప్లానెటరీ యూనియన్. ఓడని కాంతిని మించి పరిగెత్తించేది అక్కడ వార్ప్, ఇక్కడ క్వాంటమ్ డ్రైవ్. యూనిఫాం రంగు చూసి ఎవరిది ఏ విభాగమో చెప్పేయొచ్చు. అక్కడ వోర్ఫ్ అనే గ్రహాంతర యోధుడు కూర్చునే చోట ఇక్కడ నవ్వడం తెలియని బోర్టస్, అక్కడ డేటా అనే మరమనిషి కూర్చునే చోట ఇక్కడ ఐజాక్ అనే మరమనిషి. డబ్బు లేని సమాజం, అడిగింది అడిగినట్టు తయారుచేసే యంత్రం, తలుపు తీస్తే ఇంకో లోకంలోకి వెళ్ళిపోయే సిమ్యులేటర్ గది. 'పాత చింతకాయ పచ్చడి' అన్న మాట మొదటి నెలలో ఎన్నిసార్లు వచ్చిందో లెక్క లేదు. రామాయణం ఎంతమంది రాసుకోలేదండీ అని ఒక పెద్దాయన ఉపన్యాసం మొదలుపెట్టబోతే టైమ్ అయిపోయిందని చెప్పి కూర్చోబెట్టాం, వారికి క్షమాపణలు.

అయితే పేర్ల వెంట పోయి చూస్తే ఇంకో సంగతి బయటపడింది. నిర్మాతల్లో ఒకరైన బ్రానన్ బ్రాగా ఏళ్ళ తరబడి స్టార్ ట్రెక్ రచయితల బల్ల దగ్గర పనిచేసిన మనిషి. డాక్టర్ క్లేర్ ఫిన్‌గా చేసిన పెన్నీ జాన్సన్ జెరాల్డ్ 'డీప్ స్పేస్ నైన్' అనే స్టార్ ట్రెక్ సిరీస్‌లో కాసిడీ యేట్స్ పాత్ర వేసినావిడ. ఐదో ఎపిసోడ్ దర్శకుడు జోనథన్ ఫ్రేక్స్, అంటే స్టార్ ట్రెక్‌లో కమాండర్ రైకర్‌గా వేసిన మనిషి స్వయంగా. మెక్‌ఫార్లేన్ కూడా ఒకప్పుడు 'ఎంటర్‌ప్రైజ్' అనే ఇంకో స్టార్ ట్రెక్ సిరీస్‌లో చిన్న వేషం వేసినవాడే. ఇవన్నీ వరసగా చదివి వినిపిస్తే మన కోశాధికారి గారు తేల్చేశారు: "ఇది దొంగతనం కాదండీ, ఆ ఇంటి పిల్లలే వేరు కాపురం పెట్టారు." నాకూ అదే సరిగ్గా అనిపించింది. వేరు కాపురంలో గిన్నెలు పాతింటివే ఉంటాయి, వంట మాత్రం కోడలి చేతిది.

పాతింటి నుంచి ఒక సామాను మాత్రం తెచ్చుకోలేదు, దాన్ని మనలో చాలామంది చివరిదాకా గమనించలేదు. మనిషిని మాయం చేసి గ్రహం మీద తేల్చే ట్రాన్స్‌పోర్టర్ ఓర్విల్‌లో లేదు. 1966 స్టార్ ట్రెక్‌లో ఆ యంత్రం పుట్టిందే ఖర్చు తగ్గించడానికి, ప్రతి వారం ఓడని గ్రహం మీద దింపి చూపించే బడ్జెట్ లేక. ఇక్కడ అది లేకపోయేసరికి ఎవరు ఎక్కడికి పోవాలన్నా షటిల్ ఎక్కాలి, చిక్కుకుంటే ఆ షటిల్ దాకా పరిగెత్తాలి, లేదంటే అక్కడే ఉండిపోవాలి. బీమ్ చేసి లాగేసే దారి లేదు కాబట్టి టెన్షన్ దానంతటదే వస్తుంది. ఒక్క వస్తువు తీసేసి కథనాన్ని బిగించడం కాపీ కొట్టేవాడికి వచ్చే ఆలోచన కాదు.

జోకుల గురించి సంఘం రెండుగా చీలింది, ఇప్పటికీ చీలే ఉంది. కెప్టెన్ ఎడ్ మెర్సర్, అతని మాజీ భార్య కెల్లీ ఒకే ఓడలో పనిచేయడం మీద నడిచే మొదటి ఎపిసోడ్ల హాస్యం చాలామందికి చిరాకు తెప్పించింది, యుద్ధం మధ్యలో విడాకుల జోకులేంటని. నాకూ నచ్చలేదు. కానీ ఐదో ఎపిసోడ్‌లో ఐజాక్‌కి ప్రాక్టికల్ జోక్ అంటే ఏంటో నేర్పిస్తారు చూడండి, ఆ యంత్రం పాఠం శ్రద్ధగా విని, పైలట్ గోర్డన్ నిద్రలో ఉండగా కాలు కోసి దాచేస్తుంది. వాడు లేచి కిందకి చూసుకుని అరుస్తుంటే ఐజాక్ మొహంలో, అసలు మొహమే లేదనుకోండి, ఏ మార్పూ ఉండదు. పోయిన కాలు తర్వాత ఎప్పుడో, అందరూ మరిచిపోయాక, పైకప్పులోంచి ఊడిపడుతుంది. జోకు వేసేవాడికి అది జోకని తెలియకపోవడమే అక్కడి నవ్వంతా. జోకులు వద్దన్న వర్గం కూడా ఆ ఒక్కదానికి మినహాయింపు ఇచ్చింది.

ఏడో ఎపిసోడ్ గురించి ఈ నివేదికలో తప్పనిసరిగా రాయాలి, ఎందుకంటే దానివల్ల మన పద్ధతే మారింది. ఆ గ్రహంలో ప్రతి మనిషి ఛాతీ మీద ఒక బిళ్ళ, దాని మీద పైకో బాణం, కిందకో బాణం, ఎదుటివాడు ఎవరైనా ఏదో ఒకటి నొక్కొచ్చు. ఓర్విల్ సిబ్బందిలో ఒకడైన లమార్ ఒక విగ్రహం మీద వెకిలిగా డాన్స్ చేస్తాడు, అది వీడియోలో దొరికిపోతుంది, ఇక టీవీ షోల్లో తిరిగి క్షమాపణలు చెప్పుకోవాలి. కోటి డౌన్ ఓట్లు దాటితే మెదడు 'సరిచేస్తారు'. 2016లో వచ్చిన 'బ్లాక్ మిర్రర్' ఎపిసోడ్ ఒకటి ఇలాంటిదే అని మన వాళ్ళు వెంటనే పట్టేశారు, నిజమే. కానీ తప్పించుకునే దారి మాత్రం దీని సొంతం. నిజం చెప్పి కాదు, అబద్ధపు ఫోటోలు, జాలి కథలు జనం ఫీడ్‌లోకి ఎక్కించి బయటపడతారు. గెలిచామని సంతోషించాలా, సిగ్గుపడాలా అన్నది చూసేవాళ్ళకే వదిలేశారు. ఆ ఆదివారం దాకా మనం ప్రతి ఎపిసోడ్‌కీ గ్రూపులో లైకులు పెట్టించి ర్యాంకులు ఇచ్చేవాళ్ళం. అది చూశాక లైకులు అడగడానికి ఎవరికీ మొహం చెల్లలేదు. కాబట్టి ఎంతమందికి నచ్చింది, ఎంతమందికి నచ్చలేదు అన్న పట్టిక ఈసారి నివేదికలో లేదు, అడగొద్దు.

ఇక సారాంశాల పని. ఇంట్లో పెద్దవాళ్ళకీ, ఇంగ్లీషు వేగం అందనివాళ్ళకీ పనికొస్తుందని ప్రతి ఎపిసోడ్‌కీ తెలుగులో ఒక పేజీ రాయాలనుకున్నాం, వంతులవారీగా రాశాం. తేలికనుకున్న ఈ పనిలోనే అసలు గొడవంతా పుట్టింది, ఎందుకంటే తెలుగులో కథ చెబితే దాదాపు ప్రతి వాక్యం క్రియతోనే ముగుస్తుంది, క్రియ రాయాలంటే ఎవరు ఏంటో తేల్చుకోవాలి. ఐజాక్ 'చెప్పాడా', 'చెప్పిందా'? ఇంగ్లీషులో కూడా అది 'హీ'నే కదా అని కొందరు 'చెప్పాడు' రాశారు, యంత్రానికి డు-ము-వు-లేంటని ఇంకొందరు 'చెప్పింది' రాశారు. మూడో ఎపిసోడ్ మరీ కష్టం. అందరూ మగవాళ్ళే ఉండే మోక్లన్ జాతిలో బోర్టస్, క్లైడెన్ దంపతులకి ఆడపిల్ల పుడుతుంది, ఆపరేషన్ చేసి మగబిడ్డని చేయాలంటారు, బోర్టస్ మనసు మారి కోర్టు దాకా వెళ్ళి ఓడిపోతాడు. మామూలుగా ఇలాంటి కథల్లో మంచివాళ్ళు గెలుస్తారు, ఇందులో గెలవలేదు, బిడ్డని మార్చేశారు. టోపా అనే ఆ బిడ్డ ఆపరేషన్ ముందు 'ఏడ్చింది', తర్వాత 'ఏడ్చాడు'. ఆ తేడా రాయాల్సి వచ్చిన సభ్యురాలు ఫోన్ చేసి, "చెయ్యి రాలేదండీ" అన్నారు. అదే పిల్ల మూడో సీజన్లో పెరిగి, నిజం తెలుసుకుని, మళ్ళీ 'ఆమె' అయ్యే ఎపిసోడ్ సారాంశం తానే రాస్తానని పట్టుబట్టి వంతు మార్పించుకున్నారు. మన భాషలో ఆడవాళ్ళకీ వస్తువులకీ ఒకటే క్రియ కదా, మోక్లన్లు చూస్తే మన వ్యాకరణానికి సన్మానం చేస్తారని కూడా ఆవిడే అన్నారు, ఎవరూ జవాబు చెప్పలేదు.

అన్నిటికన్నా పెద్ద గొడవ 32వ ఎపిసోడ్ మీద. దానికి ముందు కథ రెండో సీజన్లో ఉంది: 2015లో పాతిపెట్టిన పెట్టెలో లారా అనే అమ్మాయి ఫోన్ దొరికితే, దాని ఆధారంగా సిమ్యులేటర్లో ఆమెని సృష్టించుకుని గోర్డన్ ప్రేమలో పడతాడు. ఆమె పాత ప్రియుడు అడ్డొస్తున్నాడని అతన్ని కథలోంచి చెరిపేస్తే, లారా పాడటం మానేసి ఉంటుంది. నలుగురిలో పాడమని ధైర్యం చెప్పింది ఆ ప్రియుడే మరి. ఒక్క మనిషిని తీసేస్తే ఇంకో మనిషి మిగలరు అన్నదాన్ని ఒక్క డైలాగు ఉపన్యాసం లేకుండా చూపించారు. మూడో సీజన్లో గోర్డన్ నిజంగానే 2015కి జారిపడతాడు. ఎడ్, కెల్లీ వెతుక్కుంటూ చేరేసరికి 2025, అతనికి లారాతో పెళ్ళయింది, కొడుకున్నాడు, ఇంకో బిడ్డ కడుపులో ఉంది. రానంటాడు, బతిమాలతాడు. వీళ్ళు ఇంకా వెనక్కి వెళ్ళి, పెళ్ళి కాకముందరి గోర్డన్‌ని తీసుకొచ్చేస్తారు. ఆ కుటుంబం ఇక ఎప్పుడూ లేనట్టే. వచ్చిన గోర్డన్‌కి జరిగింది చెబితే మంచి పని చేశారంటాడు!

గతాన్ని మార్చకూడదన్న రూల్ రూలే అని ఒక వర్గం, అది హత్యే అని ఇంకో వర్గం. ఎడ్ ఇక హీరోగా పనికిరాడని ఒకాయన ఆ వారం నుంచి చూడటమే మానేశారు, రెండు వారాలకి తిరిగొచ్చారు. నన్నడిగితే, పాత స్టార్ ట్రెక్ ఇచ్చిన ఆస్తి ఇదే. కెప్టెన్ చేసింది సరైందా కాదా అని చూసినవాళ్ళు వారంపాటు ఇంట్లో తగాదా పడాలి. యూనిఫాం, ఓడ ఎవరైనా కుట్టుకోగలరు, కట్టుకోగలరు. అందుకే నిరుటి సమావేశంలో నేనన్న జిరాక్స్ మాట వెనక్కి తీసుకుంటున్నాను, దీన్నీ మినిట్స్‌లో రాసుకోండి. మొదటి సీజన్ జోకుల మీద అభిప్రాయం మాత్రం మార్చుకోను.

మిగతావి టూకీగా. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా పంపుతారు, చెప్పుకోదగ్గ ఖర్చేమీ లేదు. రెండో సీజన్ చూస్తున్నప్పుడు సబ్‌టైటిళ్ళు మాట కన్నా ముందే పరిగెత్తి రెండు వారాలు అందరినీ ఏడిపించాయి. ఐజాక్ ద్రోహం సంగతి ఒకరు ముందే చూసేసి గ్రూపులో బయటపెట్టారు, వారి పేరు రాయను, వారికి తెలుసు. మూడో సీజన్లో ఎపిసోడ్లు సినిమా అంత పొడుగయ్యాయని, ఆదివారం కాల్ అర్ధరాత్రి దాకా సాగుతోందని ఫిర్యాదులొచ్చాయి, నిజమే, దానికి నా దగ్గర మందు లేదు. వచ్చే ఏడాది ఏం చూడాలో సమావేశంలో చేతులెత్తి తేల్చుకుందాం.

ఇక ఒక అభ్యర్థన. సారాంశాలన్నీ ఒకే ఫైల్‌గా కుట్టేటప్పుడు ఐజాక్ క్రియల్ని ఒకే రకంగా దిద్దమని కొందరు సభ్యులు అడిగారు. కూర్చుని చదివాను. 20వ ఎపిసోడ్ దాకా 'చెప్పాడు, నవ్వించాడు, పిల్లల్ని చూసుకున్నాడు' అని రాసినవాళ్ళు కూడా, ఐజాక్ జాతి యంత్రాలైన కేలాన్లు ఓడని ఆక్రమించుకునే చోటికి వచ్చేసరికి కోపంతో 'దాచింది, అమ్మేసింది' అని రాశారు. ఆ తర్వాతి వారం, డాక్టర్ ఫిన్ చిన్నకొడుకు టైని చంపమని ఐజాక్‌కి ఆజ్ఞ అందే ఎపిసోడ్. ఆ సారాంశంలో ఒకే పేరా 'మోసం చేసింది' అని మొదలై 'కాపాడాడు' అని ముగుస్తుంది. దిద్దలేదు, అలాగే పంపుతున్నాను.