రాకీకి బంతి తేవడం నేర్పేటప్పుడు

అమ్మలూ,

సాయంత్రం అరగంట బంతి విసిరినా రాకీకి అలుపు రావట్లేదని, ఇంటికొచ్చి సోఫా అంచులు కొరికేస్తున్నాడని రాశావు. ముందు ఆ విసరడం తగ్గించు. పది నెలల లాబ్రడార్‌ని రోజూ ఆపకుండా పరుగెత్తిస్తే నెమ్మదించడు, దమ్ము పెరిగి ఇంకా కావాలంటాడు. పైగా వాడి ఎముకల చివర్లు ఇంకా పూర్తిగా గట్టిపడలేదు. పెద్ద జాతులకి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. నున్నటి టైల్స్ మీద జారుతూ మలుపు తిరగడం, బంతి కోసం గాల్లోకి ఎగరడం మోకాళ్లకీ తుంటికీ చేటు. పైకి విసరకు, నేల మీద దొర్లించు.

పరుగెత్తడం వాడికి ఒకరు నేర్పక్కర్లేదు. వెనక్కి రావడం, అడిగితే వదలడం నేర్పాలి. అందుకే పాఠాన్ని చివర నుంచి మొదలుపెట్టు.

బంతికి బదులు పాత జీన్స్ ముక్కని మణికట్టు మందాన గట్టిగా చుట్టి, జానెడు పొడుగున కుట్టేయి. సాక్స్ ఇవ్వకు, లాబ్రడార్లు మింగేస్తాయి, పేగుల్లో ఇరుక్కుంటే ఆపరేషన్ దాకా వెళ్తుంది. టెన్నిస్ బంతి కూడా వద్దు. దాని నూగు పళ్లని అరగదీస్తుంది, పెద్ద కుక్కకి గొంతులో అడ్డం పడే ప్రమాదమూ ఉంది. పుల్లలు విరిగి నోట్లో గుచ్చుకుంటాయి.

వాడు దాన్ని నోట పట్టుకోగానే శనగగింజంత ఉడికిన చికెన్ ముక్క ముక్కు దగ్గర పెట్టు. నోరు తెరుచుకునే క్షణంలోనే "ఇవ్వు" అను. ముక్క తిన్నాక ఆ గుడ్డచుట్ట మళ్లీ వాడికే ఇచ్చేయి. ఈ మెట్టు చాలామంది వదిలేస్తారు. ఇచ్చిన వస్తువు తిరిగొస్తుందని తెలిసిన కుక్క దాచుకోదు. చికెన్ చూపించకుండా మాటకే వదిలేదాకా ఇంతకు మించి ఏమీ చేయకు.

తర్వాత తలుపులన్నీ మూసి, ఇంట్లో నడవాలో రెండు మీటర్ల దూరం దొర్లించు. నోట కరవగానే నాలుగడుగులు వెనక్కి వేసి, పక్కకి తిరిగి గొంతుక్కూర్చో. ఎదురెళ్లి చేయి చాపావా, పారిపోతాడు. దగ్గరికొచ్చాక వెంటనే లాక్కోకు. ఛాతీ నిమురుతూ మూడు నాలుగు సెకన్లు పట్టుకోనివ్వు, ఆ తర్వాత "ఇవ్వు" అను. మూడు నాలుగు సార్లు అవగానే, ఇంకా కావాలన్నట్టు చూస్తుండగానే ఆపి, చుట్టని అల్మారాలో పెట్టేయి. ఎదురుగా ఉంటే నమలడానికి అలవాటు పడతాడు.

సగం దారిలో పడేస్తున్నాడంటే నీ చేతిలో చికెన్ కనిపిస్తోందన్నమాట, నడుము వెనక సంచీలో పెట్టుకో. తీసుకుని అటూ ఇటూ పరుగెడితే వెంటపడకు, అది వాడికి అంతకంటే మంచి ఆట అయిపోతుంది. ఐదు మీటర్ల తాడు హార్నెస్‌కి (ఛాతీ చుట్టూ వేసే పట్టీకి) కట్టు, మెడపట్టీకి కాదు. తాడు చివర అందుకుని, నెమ్మదిగా వెనక్కి నడుస్తూ పిలువు.

నడవాలో తడబడకుండా చేస్తున్నప్పుడే బయటికి తీసుకెళ్లు. కొండాపూర్ డాగ్ పార్కుకి వెళ్తే మాత్రం ఇతర కుక్కల మధ్య ఈ గుడ్డచుట్టని బయటికి తీయకు, కొట్లాట అక్కడే మొదలవుతుంది.

సాయంత్రం అరగంట బంతి విసరడానికి బదులు ముక్కుకి పని పెట్టు. పొద్దుటి తిండిలోంచి గుప్పెడు తీసి గడ్డిలో చల్లు. పది నిమిషాలు వెతుక్కున్న కుక్క ఇంటికొచ్చి పడుకుంటుంది. నడకలో కూడా వాసన చూస్తుంటే లాగేయకు, వాడికి అది పేపరు చదవడం లాంటిది. తిరిగొచ్చాక చెవుల్లో, వేళ్ల సందుల్లో గోమార్లు చూడు.

ఎండాకాలం ఇది, పొద్దున ఆరున్నర లోపే ముగించు. సాయంత్రం తారు మీద అరచేతి వెనక భాగం ఏడు సెకన్లు ఆన్చలేకపోతే వాడి పాదాలకీ కాలుతుంది. కడుపు నిండా తిన్నాక గంటన్నర పరుగులు వద్దు, ఛాతీ లోతుగా ఉండే కుక్కలకి పొట్ట ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది. నాలుక వెడల్పుగా వేలాడి, చిగుళ్లు ముదురు ఎరుపెక్కి, చొంగ చిక్కబడి తూలుతుంటే ఆట ఆపి, ఒళ్లంతా కుళాయి నీళ్లు పోసి, గాలి తగిలేలా ఉంచి, ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు.

ఈ వారం "ఇవ్వు" ఒక్కటే చేయించు. ఆదివారం వీడియో కాల్‌లో చూపిస్తే, చెయ్యి ఎక్కడ తొందరపడుతోందో చెబుతాను.

నాన్న